రుణ రక్షణ బీమా – ప్రీమియం వాపసు

రుణ రక్షణ బీమా అనగా, రుణం తీసుకున్న వ్యక్తి మరణించినపుడు గాని, ప్రమాదం, అంగవైకల్యం వంటి కారణాలతో వాయిదాలు కట్టలేని స్థితికి చేరినపుడు గాని, మిగిలిన బాకీని బీమా కంపెనీ చెల్లించే ఏర్పాటు. వాడుకలో దీనిని "లోను ఇన్సూరెన్సు" అంటారు. బ్యాంకులు, ఇతర రుణ సంస్థలు వ్యక్తిగత, గృహ, వాహన రుణాలతో పాటు ఈ బీమాను కూడా విక్రయిస్తాయి. రుణగ్రహీతకు తెలియకుండా ప్రీమియం వసూలు చేసినపుడు, లేదా "ఇది తీసుకోకపోతే లోను రాదు" అని చెప్పి అంటగట్టినపుడు దానిని తప్పుడు విక్రయం అంటారు. ఇటువంటి విక్రయాలలో ప్రీమియంను తిరిగి కోరే మార్గాలు ఈ వ్యాసంలో వివరించబడినవి. భారతదేశపు నిబంధనలను ఆచరణలో చూపడానికి తూర్పు గోదావరి జిల్లాలోని కొవ్వూరు పట్టణంలో నివసించే రుణగ్రహీతను ఉదాహరణగా తీసుకోవడమైనది.

బీమా స్వరూపం

రుణ బీమా పాలసీలలో ఎక్కువ భాగం సమూహ పాలసీలు. బ్యాంకు తన రుణగ్రహీతలందరి తరఫున బీమా కంపెనీ నుండి ఒకే పాలసీ తీసుకుంటుంది. కావున బ్యాంకు ఇక్కడ మాస్టర్ పాలసీదారు. రుణగ్రహీతకు పూర్తి పాలసీ పత్రం కాక, బీమా ధ్రువపత్రం మాత్రమే అందుతుంది. బాకీ తగ్గుతున్నకొద్దీ బీమా మొత్తం కూడా తగ్గుతూ వస్తుంది. రుణగ్రహీత మరణిస్తే, బాకీ ఎంత ఉన్నదో అంత బ్యాంకుకు, మిగిలినది ఏదైనా ఉంటే నామినీకి చేరుతుంది. ప్రీమియం ఏటా కాక, రుణ కాలమంతటికీ కలిపి ఒకేసారి వసూలు చేయడం పరిపాటి.

ఇందులో గమనించవలసిన ముఖ్య విషయం, రుణం ఒక ఒప్పందం, బీమా వేరొక ఒప్పందం. రుణం బ్యాంకుతో, బీమా వేరే కంపెనీతో. రెండు కాగితాలపై ఒకే రోజున, ఒకే బల్ల వద్ద సంతకాలు చేయడం వలన రెండూ ఒకటేనని రుణగ్రహీత భావిస్తాడు. వాపసు కోరేటపుడు ఫిర్యాదును ఎవరికి పంపాలన్న చిక్కు ఇక్కడి నుండే పుడుతుంది.

భారతదేశంలో బ్యాంకుల ద్వారా బీమా విక్రయం 2000వ సంవత్సరం తరువాత, బీమా రంగంలోకి ప్రైవేటు కంపెనీలను అనుమతించిన పిమ్మట, విస్తరించినది. బ్యాంకులు స్వయంగా బీమా కంపెనీలలో భాగస్వాములు కావడం కూడా జరిగినది. ఉదాహరణకు, 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా, బ్రిటన్‌కు చెందిన లీగల్ అండ్ జనరల్ కలిసి ఇండియాఫస్ట్ లైఫ్ అనే జీవిత బీమా కంపెనీని నెలకొల్పాయి. (ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనది.) ఇటువంటి ఏర్పాటులో తప్పేమీ లేదు. కాని అమ్మే శాఖకు కమీషన్, సిబ్బందికి లక్ష్యాలు ఉంటాయన్న సంగతి కొనేవారు గుర్తుంచుకోదగినది. బీమా నియంత్రణ సంస్థ 2015లో చేసిన కార్పొరేట్ ఏజెంట్ల నిబంధనల ప్రకారం, కొనుగోలుదారు అడిగితే కమీషన్ ఎంతో చెప్పవలసి ఉంటుంది. అడిగేవారే అరుదు.

ప్రీమియం రుణంలో కలిసినపుడు

కొవ్వూరుకు చెందిన ఒక వ్యక్తి 14 శాతం వడ్డీతో, 3 సంవత్సరాల కాలానికి 3,00,000 రూపాయల వ్యక్తిగత రుణం తీసుకున్నాడనుకుందాం. బీమా లేకపోతే నెలసరి వాయిదా సుమారు 10,253 రూపాయలు. ఇపుడు 12,000 రూపాయల బీమా ప్రీమియం వచ్చి చేరినది. ఇది రెండు విధాలుగా జరుగవచ్చు.

మొదటి విధంలో ప్రీమియంను అసలుకు కలిపి, రుణాన్ని 3,12,000 రూపాయలుగా రాస్తారు. వాయిదా 410 రూపాయలు పెరుగుతుంది. చూడడానికి చిన్న మొత్తమే. కాని 36 నెలలలో ఆ 12,000 రూపాయలకు కట్టేది సుమారు 14,765 రూపాయలు. అనగా బీమాపై కూడా 2,765 రూపాయల వడ్డీ.

రెండవ విధంలో రుణం 3,00,000గానే ఉంటుంది. చేతికి వచ్చేది మాత్రం 2,88,000. వాయిదా మారదు కనుక చాలామందికి ఏదీ తెలియదు. ఖాతాలో జమ అయిన మొత్తాన్ని మంజూరు పత్రంతో పోల్చి చూస్తేనే తేడా బయటపడుతుంది. చేతికి అందిన సొమ్ముపై లెక్కిస్తే, 14 శాతం అని చెప్పిన వడ్డీ నిజానికి సుమారు 16.9 శాతం అవుతుంది. ప్రాసెసింగు రుసుము ఇందులో కలపలేదు.

వాపసు కోరేవారు ప్రీమియంతో పాటు దానిపై పడిన వడ్డీని కూడా ప్రత్యేకంగా పేర్కొనవలసిన కారణం ఇదే. ప్రీమియం తిరిగి ఇవ్వవలసినది బీమా కంపెనీ, వడ్డీ వసూలు చేసినది బ్యాంకు.

ఏది తప్పనిసరి, ఏది కాదు

వాహనానికి థర్డ్ పార్టీ బీమా 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. గృహ రుణంలో తాకట్టు పెట్టిన ఇంటికి అగ్నిప్రమాదాది నష్టాల బీమా కోరడం రుణదాత షరతుగా ఉండవచ్చు. కాని వ్యక్తిగత రుణం తీసుకునేవారు తమ ప్రాణానికి బీమా చేయించుకొని తీరాలన్న చట్టమేదీ లేదు. బ్యాంకులు బీమా వ్యాపారంలో పాల్గొనడంపై రిజర్వు బ్యాంకు 2015 జనవరి 15న జారీ చేసిన ఆదేశాలలో, ఖాతాదారుడు బీమా తీసుకోవడం పూర్తిగా స్వచ్ఛందమని, బ్యాంకు సేవలకు, బీమా కొనుగోలుకు ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని ముడి పెట్టరాదని స్పష్టం చేసినది.

డెల్టా ప్రాంతపు రైతులలో ఈ విషయం అంతగా తెలియకపోవడానికి ఒక కారణం పంటల బీమా కావచ్చు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో పంట రుణం తీసుకున్న రైతులకు బీమా తప్పనిసరిగా ఉండేది, ప్రీమియం రుణం నుండే మినహాయించేవారు. 2020 ఖరీఫ్ నుండి అది ఐచ్ఛికమైనది. రుణంతో పాటు బీమా కోత పడడం అలవాటైనవారు, వ్యక్తిగత రుణంలో కూడా అది సహజమే అనుకొనే అవకాశం ఉన్నది.

తప్పుడు విక్రయం పలు రూపాలలో కనిపిస్తుంది. అడగకుండానే ప్రీమియం మినహాయించడం, తప్పనిసరి అని చెప్పడం, ఒకేసారి కట్టే ప్రీమియం అని చెప్పి ఏటా కట్టవలసిన పాలసీ ఇవ్వడం, ఫిక్సెడ్ డిపాజిట్ అని నమ్మించడం, అసలు క్లెయిముకు అర్హత లేనివారికి అమ్మడం ఇందులోకి వస్తాయి. చివరిది అన్నిటికంటే ప్రమాదకరమైనది. ముందు నుండి ఉన్న వ్యాధిని ఫారంలో రాయకుండా వదిలివేస్తే ప్రీమియం పోవడమే కాక, మరణానంతరం క్లెయిము తిరస్కరించబడి బాకీ కుటుంబంపై పడవచ్చు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం 3 సంవత్సరాలు నిండిన జీవిత బీమా పాలసీని ఏ కారణం చేతనూ ప్రశ్నించరాదు. కాని చాలా వ్యక్తిగత రుణాల కాలం అంతకు మించదు.

2024 నవంబరు 18న ముంబైలో జరిగిన ఒక బ్యాంకింగ్ సదస్సులో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బీమా తప్పుడు విక్రయాల వలన ఖాతాదారులకు రుణ వ్యయం పరోక్షంగా పెరుగుతున్నదని పేర్కొన్నారు.

బ్రిటన్ ఉదంతం

ఈ విషయంలో ప్రపంచంలోనే పెద్ద వాపసు బ్రిటన్‌లో జరిగినది. అక్కడ 1990 నుండి 2010 వరకు వ్యక్తిగత రుణాలు, క్రెడిట్ కార్డులు, గృహ రుణాలతో పాటు 6 కోట్లకు పైగా రుణ రక్షణ పాలసీలు అమ్ముడుపోయాయి. స్వయం ఉపాధిలో ఉన్నవారికి, పదవీ విరమణ చేసినవారికి ఉద్యోగ నష్ట బీమా అమ్మిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2005లో సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ అధికారికంగా ఫిర్యాదు చేసినది. నియంత్రణ సంస్థ ఫిర్యాదులపై కఠిన నియమాలు తేగా, బ్యాంకుల సంఘం వాటిని కోర్టులో సవాలు చేసి 2011 ఏప్రిల్‌లో ఓడిపోయినది. ఆ తరువాత వాపసులు వెల్లువెత్తాయి.

2014లో ఆ దేశపు సుప్రీం కోర్టు ప్లెవిన్ కేసులో మరొక ముఖ్యమైన తీర్పు ఇచ్చినది. 34,000 పౌండ్ల రుణానికి 5,780 పౌండ్ల ప్రీమియం కలిపారు. అందులో 71.8 శాతం కమీషన్లకే పోయినది, ఆ సంగతి రుణగ్రహీతకు చెప్పలేదు. ఇంత పెద్ద కమీషన్‌ను దాచడం అన్యాయమని కోర్టు నిర్ణయించినది. ఫిర్యాదులకు తుది గడువు 2019 ఆగస్టు 29. 2011 నుండి 2019 చివరి వరకు బ్యాంకులు చెల్లించిన మొత్తం 3,800 కోట్ల పౌండ్లకు పైమాటే. అక్కడ స్థిరపడిన తెలుగువారిలో పాత రుణాలు ఉన్నవారికి కూడా ఈ గడువే వర్తించినది. కావున ఇపుడు "మీ పాత పాలసీ సొమ్ము ఇప్పిస్తాం" అని ఫోను చేసేవారిని నమ్మరాదు.

భారతదేశంలో ఇటువంటి సామూహిక వాపసు జరగలేదు. బ్యాంకులు తమంతట తాముగా పాత ఖాతాలు తిరగదోడి ఉత్తరాలు రాయవు. ఎవరి సొమ్ము వారే అడగాలి, గడువులోగా అడగాలి.

మొదటి అవకాశం – పరిశీలన గడువు

పాలసీ పత్రం అందిన తరువాత దానిని చదివి, నచ్చకపోతే కారణం చెప్పి తిరిగి ఇచ్చివేయడానికి ఉండే కాలాన్ని పరిశీలన గడువు, లేదా "ఫ్రీ లుక్" గడువు అంటారు. ఇది చాలాకాలం 15 రోజులు. ఫోను ద్వారా, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కొన్న పాలసీలకు 30 రోజులు ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుండి అమలైన నిబంధనల ప్రకారం ఏ విధంగా కొన్నా 30 రోజులు. కాలపరిమితి ఏడాది లోపు ఉన్న పాలసీలకు ఇది వర్తించదు. సమూహ రుణ బీమాలో ఈ గడువు సాధారణంగా బీమా ధ్రువపత్రం మీదనే ముద్రించి ఉంటుంది.

గడువులోగా రద్దు కోరితే, గడచిన రోజులకు అయిన రిస్కు ప్రీమియం, వైద్య పరీక్ష ఖర్చు, స్టాంపు సుంకం మాత్రమే మినహాయించి మిగిలినది తిరిగి ఇవ్వాలి. ఇక్కడ తప్పుడు విక్రయాన్ని నిరూపించే పని లేదు. అందుకే ఇది అన్నిటికంటే సులభమైన మార్గం.

లెక్క రుణం తీసుకున్న తేదీ నుండి కాక, పత్రం అందిన తేదీ నుండి మొదలవుతుంది. పోస్టులో వస్తే కవరును, ఈ-మెయిలులో వస్తే ఆ మెయిలును భద్రపరచాలి. పత్రమే అందకపోతే ఆ సంగతిని ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయాలి. చాలామంది ఫోను నంబరు, ఈ-మెయిలు బ్యాంకు ఉద్యోగి చేతనే నింపించుకుంటారు. అవి తప్పుగా పడితే పత్రం ఎక్కడికో పోతుంది.

గడువు దాటిన తరువాత

గడువు దాటినపుడు వాపసు సాక్ష్యం మీద ఆధారపడుతుంది. కంపెనీ చూపేది ప్రతిపాదన పత్రం మీద ఉన్న సంతకం, లేదా ఫోనుకు వచ్చిన ఓటీపీ. సంతకం ఉన్నంత మాత్రాన అంతా ముగిసినట్లు కాదు. ప్రతిపాదన పత్రాన్ని వేరొకరు నింపితే, అందులోని విషయాలు పూర్తిగా వివరించారని, తాను గ్రహించానని రుణగ్రహీత నుండి ధ్రువీకరణ తీసుకోవాలని 2002 నాటి పాలసీదారుల ప్రయోజనాల రక్షణ నిబంధనలే చెప్పాయి. బీమా పత్రాలను రాజ్యాంగం గుర్తించిన భాషలలో ఇవ్వవచ్చునని కూడా అవి పేర్కొన్నాయి. ఆంగ్లం చదవలేని వ్యక్తి తెలుగులో సంతకం చేసిన ఫారంలో ఈ ధ్రువీకరణ ఖాళీగా ఉంటే అది గట్టి ఆధారం.

కావున మొదట చేయవలసినది పత్రాలు రాబట్టడం. బ్యాంకు నుండి మంజూరు పత్రం, రుణ ఒప్పందం, రుణ ఖాతా స్టేట్‌మెంటు, ప్రీమియం మినహాయింపునకు ఇచ్చిన అంగీకార పత్రం, బీమా కంపెనీ నుండి ప్రతిపాదన పత్రం నకలు, ధ్రువపత్రం, ధ్రువీకరణ ఫోను సంభాషణ ఉంటే దాని రికార్డు అడగాలి. 2024 అక్టోబరు 1 నుండి కొత్తగా మంజూరైన రిటైల్ రుణాలకు బ్యాంకులు కీలక వాస్తవాల పత్రం ఇవ్వాలి. బీమా వంటి మూడవ పక్షపు ఖర్చులను కూడా వార్షిక వడ్డీ శాతంలో కలిపి, విడిగా కూడా చూపాలి. ఆ పత్రంలో లేని రుసుమును రుణగ్రహీత స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయరాదు. వసూలు చేసిన బీమా సొమ్ముకు రసీదు ఇవ్వాలి. ఈ తేదీ తరువాతి రుణాలలో ఈ ఒక్క పత్రంతోనే చాలా వివాదాలు తేలిపోతాయి.

తరువాత బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి లిఖితపూర్వకంగా రాయాలి, అదే లేఖ ప్రతిని బ్యాంకుకు పంపాలి. లేఖలో కోపతాపాలు అవసరం లేదు. ఏ తేదీన, ఏ శాఖలో, ఏమి చెప్పి సంతకం చేయించారు, ఎంత మినహాయించారు, ఏమి కోరుతున్నారు అన్నవి చాలు. శాఖలో నోటిమాటగా అడిగి ఊరుకుంటే లెక్కలోకి రాదు. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. ఆ సంస్థ "బీమా భరోసా" పోర్టల్ లేదా 155255 నంబరు ద్వారా ఫిర్యాదు నమోదు చేస్తే అది కంపెనీకి చేరుతుంది. కాని నియంత్రణ సంస్థ తానుగా తీర్పు చెప్పదు.

బీమా అంబుడ్స్‌మన్

కంపెనీ నిరాకరించినా, నెల రోజులలో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఈ వ్యవస్థ 1998లో ఏర్పడినది, 2017లో కొత్త నియమాలు వచ్చాయి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ, యానాం హైదరాబాదు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. కార్యాలయం లక్డీకాపూల్ ప్రాంతంలో ఉన్నది. 2021 సవరణ తరువాత ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు పంపవచ్చును కనుక కొవ్వూరు నుండి ప్రయాణం కట్టవలసిన అవసరం లేదు.

రుసుము లేదు. న్యాయవాది ద్వారా ఫిర్యాదు స్వీకరించరు. పాలసీదారు, వారసులు, నామినీ లేదా పాలసీ బదిలీ పొందినవారు మాత్రమే చేయాలి. పాలసీ షరతులను తప్పుగా చెప్పడం, ప్రతిపాదన పత్రానికి భిన్నంగా పాలసీ ఇవ్వడం, ప్రీమియం తీసుకొని పాలసీ ఇవ్వకపోవడం విచారణకు అర్హమైన కారణాలు. సమూహ బీమా సభ్యులు కూడా అర్హులు. కంపెనీ తిరస్కరించిన నాటి నుండి ఒక సంవత్సరం లోపు రావాలి. అదే విషయం కోర్టులో గాని వినియోగదారుల కమిషన్‌లో గాని నడుస్తుండరాదు. పరిహార పరిమితి 2017లో 30 లక్షల రూపాయలు, 2023లో 50 లక్షలకు పెంచారు. అవసరమైన పత్రాలన్నీ అందిన 3 నెలలలో అవార్డు ఇవ్వాలి, దానిని కంపెనీ 30 రోజులలో అమలు చేయాలి. అవార్డు కంపెనీని బంధిస్తుంది గాని, ఫిర్యాదుదారును బంధించదు. నచ్చనివారు తరువాత కూడా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు.

బ్యాంకు ప్రవర్తనపై ఫిర్యాదు

అంగీకారం లేకుండా ఖాతా నుండి మినహాయించడం, లోనుకు బీమా ముడిపెట్టడం బ్యాంకు చేసిన తప్పులు. వీటికి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ వేరుగా ఉన్నారు. బ్యాంకుల ద్వారా జరిగే బీమా తప్పుడు విక్రయాన్ని 2017 జూలై 1 నుండి అప్పటి బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ పథకంలో స్పష్టంగా చేర్చారు. 2021 నవంబరు 12న ప్రారంభమైన సమగ్ర పథకం బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల అంబుడ్స్‌మన్ పథకాలను ఒకటి చేసినది. ముందు బ్యాంకుకు రాసి 30 రోజులు వేచి చూడాలి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు రిజర్వు బ్యాంకు నియంత్రణలో లేవు కనుక వాటి రుణాలకు ఈ మార్గం పనికిరాదు. కొవ్వూరు పరిసర గ్రామాలలో అప్పులు అక్కడే తీసుకునేవారు దీనిని గమనించాలి.

మిగిలిన మార్గం వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, ముంబైలోనో చెన్నైలోనో ఉన్న కంపెనీ కార్యాలయానికి పోనవసరం లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. గడువు 2 సంవత్సరాలు. ఆన్‌లైన్‌లో "ఈ-జాగృతి" ద్వారా దాఖలు చేయవచ్చు. ఒప్పందపు షరతే అన్యాయమైనదని వాదించదలచుకుంటే మాత్రం జిల్లా కమిషన్ కాక రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. కొవ్వూరువాసులకు మరొక చిన్న చిక్కు ఉన్నది. పట్టణం 2022 ఏప్రిల్ 4 వరకు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది, జిల్లాల పునర్వ్యవస్థీకరణలో రాజమహేంద్రవరం కేంద్రంగా గల తూర్పు గోదావరి జిల్లాలో చేరినది. పాత పాలసీలపై పాత జిల్లా పేరే ఉంటుంది. ఫిర్యాదులో రెండు పేర్లూ రాసి, ఆధార్ ప్రతి జతపరిస్తే చిరునామా ప్రశ్న తలెత్తదు.

బీమా కంపెనీ సొమ్ము తిరిగి ఇచ్చినపుడు అది నేరుగా రుణ ఖాతాకు జమ కావచ్చు. అటువంటపుడు అసలు తగ్గినదా, వాయిదా లేదా కాలపరిమితి తగ్గించారా అన్నది స్టేట్‌మెంటులో సరిచూసుకోవాలి.

రద్దుకు ముందు

రుణ బీమా అంతా వ్యర్థమని భావించరాదు. ఒకరి సంపాదన మీదనే నడిచే కుటుంబానికి, వేరే జీవిత బీమా లేనివారికి, అది బాకీ నుండి రక్షణ. పాలసీ తప్పుగా అమ్మినదైనా, ఇపుడు ఆరోగ్యం చెడిన వ్యక్తి దానిని రద్దు చేసుకుంటే మరొకటి దొరకకపోవచ్చు. పోల్చడానికి, 18 నుండి 50 సంవత్సరాల వయస్సువారు చేరగల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజనలో 2 లక్షల రూపాయల బీమాకు ప్రీమియం 2022 జూన్ 1 నుండి ఏడాదికి 436 రూపాయలు. అందులో సొమ్ము బ్యాంకుకు కాక నామినీకి వస్తుంది.

రుణాన్ని గడువుకు ముందే తీర్చివేసినవారి విషయం వేరు. వారికి తప్పుడు విక్రయంతో పని లేకుండానే, పాలసీ నిబంధనలను బట్టి, మిగిలిన కాలానికి సరెండర్ విలువ రావచ్చు, లేదా బీమాను కొనసాగించుకునే వీలు ఉండవచ్చు. బాకీ లేదన్న పత్రం తీసుకునే రోజునే ఈ సంగతి అడగడం మంచిది. తరువాత ఎవరూ గుర్తు చేయరు.

బీమా నియంత్రణ సంస్థ అధికారులమని చెప్పి, ఆగిపోయిన బోనస్ లేదా ప్రీమియం వాపసు ఇప్పిస్తామని, ముందుగా కొంత సొమ్ము కట్టమని అడిగే మోసపు ఫోనులు తరచుగా వస్తుంటాయి. తాము పాలసీలు అమ్మమని, బోనస్‌లు ప్రకటించమని ఆ సంస్థ పలుమార్లు ప్రజలకు తెలియజేసినది. పైన చెప్పిన అంబుడ్స్‌మన్ మార్గాలలో దేనికీ ముందుగా సొమ్ము కట్టవలసిన పని లేదు.